పన్నెండు సుత్తులు

నల్లంగీల ఫాదర్లు పిల్లలకు మోకాళ్ళ మీద ఉండటం నేర్పుతారే గాని, కాళ్ళ మీద నిలబడటం నేర్పరని ఆ బొగ్గు ఊళ్ళో మూడు తరాలుగా ఒక నమ్మకం. గనిలోకి దిగిన తాత ఆ మాట అన్నాడు, తండ్రి అన్నాడు, గనులు మూతపడి కేఫేలో కూర్చున్న కొడుకూ అంటున్నాడు. రుజువు మాత్రం ఎవరూ అడగలేదు. డిసెంబరు నాలుగున, గని కూలీలను కాచే పునీత బార్బరా పండుగ పొద్దున, ఆ రుజువు తన చేతికి దొరికిందని ఓమేర్ దెల్కూర్ అనుకున్నాడు. అది టైపు కొట్టిన ఒక కాగితం. ఇప్పుడది వంటింటి బల్ల మీద, చికోరీ కాఫీ గిన్నెకు చెరో పక్క, రెండు ముక్కలై పడి ఉంది.

"చింపావా?" అంది ఆల్ఫొన్సీన్.

"చింపాను."

"అది పిల్లాడి కాగితం."

"ఆ చివర సంతకం ఫాదర్ అమెదేది. తెలివితక్కువతనం కూడా ఆయనదే. మనవాడిది మూటలు మోసే పని ఒక్కటే."

కోటుకు ఒక చెయ్యి తొడిగి, రెండో చెయ్యి తొడగటం మరిచిపోయి రెజీస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ళవాడు. తల్లిదండ్రులు విడిపోయిన దగ్గరనుంచి తాత ఇంట్లోనే పెరిగాడు. గనులు మూతపడిన ఊళ్ళో పని దొరక్క తిరుగుతూ, బొగ్గుగుట్ట కింద ఉన్న ఫాదర్ల ఇంట్లో చేరాడు. ఊళ్ళో పనిలేని నలభైమంది కుర్రాళ్ళతో కలిసి, కూలిన ప్రార్థనాలయాన్ని రెండేళ్ళుగా తిరిగి కడుతున్నాడు. కప్పు ఇటుక కమాను. సెప్టెంబరులో నడినెత్తిన చివరి ఇటుక పెట్టింది వాడే. ఈ రోజు గుంజల కింద బిగించిన చెక్క చీలలు కొట్టి, దాన్ని మోస్తున్న సెంట్రింగ్ విప్పాలి.

"తాతా, ఆ క్రమం ఫాదర్ స్వయంగా రాశారు. మూడు వారాలు పుస్తకాలు తిరగేశారు."

"ఏ పుస్తకాలు? పూజ పుస్తకాలా?" ఓమేర్ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చదివాడు. "'మొదట సువార్త వైపు ఆరు గుంజలు. ఒక్కో పునీతుని పేరుకు ఒక్కో చీల ఊడగొట్టవలెను. పిమ్మట ఊరేగింపుగా మరలి, లేఖ వైపు ఆరు గుంజలు.' అంటే ఎడమ వైపంతా ముందు వదిలేసి, పాట పాడుకుంటూ చుట్టు తిరిగొచ్చి, అప్పుడు కుడి వైపు. అంతేనా?"

"ఆచారం అదే కదా. పూజలో సువార్త చదివే వైపుకే ఎప్పుడూ మొదటి మర్యాద."

ఓమేర్ బల్ల సొరుగు లాగాడు. రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టాడు, వాటిమీద వెన్న రాసిన రొట్టెముక్క పెట్టాడు, ఎడమ అగ్గిపెట్టె లాగేశాడు. రొట్టె జారి కాఫీ గిన్నెలో పడింది.

"మంచి రొట్టె పాడు చేశావు," అంది ఆల్ఫొన్సీన్.

"అది రొట్టె తాతా. మాది కమాను."

"కమానుకి తెలిసిందల్లా సమానం. అటెంత బరువో ఇటంత బరువు. ఒక వైపు ముందు వదిలితే అది నీ ప్రార్థన పూర్తయ్యేదాకా ఆగదు. గనిలో నా జతగాడు అషీల్ సంగతి నీకు చెప్పానా లేదా?"

"వందసార్లు చెప్పావు."

"నూట ఒకటోసారి విను. ఒక వైపు గుంజలు లాగమన్నాడు మేస్త్రీ. లాగాం. అషీల్‌ని బయటికి తియ్యటానికి మూడు రోజులు పట్టింది."

రెజీస్ రెండో చెయ్యి తొడుక్కున్నాడు. "పాతాళంలో ముప్పై ఎనిమిదేళ్ళు గుంజలు నిలబెట్టావు. ఒప్పుకుంటాను. కానీ రెండేళ్ళలో ఒక్కసారి కూడా వచ్చి మా గోడ చూడలేదు. చూడకుండా తీర్పు చెప్పడం నువ్వు తిట్టే ఫాదర్ల పని కాదూ?"

తలుపు మూసుకుంది. విసురుగా కాదు, మెల్లిగా. అదే ఓమేర్‌కు ఎక్కువ తగిలింది.

*

వీధిలో పండుగ టపాకాయలు పేలుతున్నాయి. గనులు మూతపడినా గని పండుగకు మాత్రం మూత పడలేదు.

"వెళ్ళి చెప్పొచ్చుగా," అంది ఆల్ఫొన్సీన్ చివరికి.

"ఆ గడప తొక్కనని అన్నాను."

"ఎప్పుడన్నావు?"

"నీకు తెలుసు."

ఆమెకు తెలుసు. సమ్మె ఏడో వారంలో, అప్పటి పెద్ద ఫాదర్ బలిపీఠం ముందు నిలబడి, భర్తలను పనికి పంపమని ఆడవాళ్ళకు హితబోధ చేశాడు. ఓమేర్ పూజ మధ్యలో లేచి, చెక్కబూట్ల చప్పుడు అందరికీ వినపడేలా నడిచి వెళ్ళిపోయాడు. ఆ ఫాదర్ చనిపోయి ఇరవై ఏళ్ళయింది. చప్పుడు మాత్రం ఇంకా ఆగలేదు.

"నీ కాలికున్న పౌరుషం నీ బుర్రకుంటే ఈపాటికి మేయరువి అయ్యేవాడివి."

"మేయరుగారే రేపు ఆ ప్రార్థనాలయం తలుపుకి సీలు వేస్తారు, కప్పు తనంతట తాను నిలవకపోతే. నోటీసు అంటించారుగా. నేనెందుకు మధ్యలో?"

ఆల్ఫొన్సీన్ గిన్నెలోంచి నానిన రొట్టె తీసి పావురాల పళ్ళెంలో వేసింది. వెనక్కి తిరగకుండానే అంది:

"చివరి ఇటుక పెట్టినవాడు సెంట్రింగ్ విప్పేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడాలట. వాళ్ళ దగ్గర ఆనవాయితీ."

ఓమేర్ చేతిలోని చెంచా ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"వాడే. నీకు చెప్పొద్దన్నాడు."

ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. పావురాల గూడు దగ్గర కొంతసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో పొట్టి పిడి గని సుత్తి ఉంది. పదమూడేళ్ళుగా అది మేకు దిగలేదు.

"నా టోపీ ఏది?" అన్నాడు. బల్ల మీది కాగితం ముక్కల్లో ఒకటి జేబులో కుక్కుకున్నాడు.

ఎక్కడికని ఆమె అడగలేదు. ప్రతి ఆదివారం ఆమెను ఫాదర్ల గేటు దాకా దిగబెట్టి, ఆయన ఎదురుగా కేఫేలో కూర్చుని, పూజ అయ్యాక మళ్ళీ వెంట తీసుకువస్తాడు. ఈ రోజూ అలాగే నడిచారు. కేఫే కిటికీలోంచి నాలుగు తలలు బయటికి వచ్చాయి.

"ఓమేర్, ఇవాళ ఆదివారం కాదు!" అని ఎవరో అరిచారు.

గేటు దగ్గర ఆయన ఆగాడు. ఆల్ఫొన్సీన్ ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తే ఆయన వెనక్కి తిరుగుతాడని యాభై ఏళ్ళ కాపురం ఆమెకు నేర్పింది.

*

ప్రార్థనాలయంలో నలభైమంది కుర్రాళ్ళు, నీలం పనిచొక్కాల్లో, వరసగా నిలబడి ఉన్నారు. తడి సున్నం వాసన, కొవ్వొత్తి వాసన కలిసిపోయాయి. పురపాలక ఇంజనీరు కార్లియే నడినెత్తి ఇటుకకు తీగ కట్టి, సెంట్రింగ్ పలకల సందులోంచి కిందికి వదిలాడు. దాని కొసన సీసపు గుండు, పక్కనే ఉక్కు స్కేలు. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

ఎర్రని పూజవస్త్రం కప్పుకుని ఫాదర్ అమెదే బలిపీఠం ముందు ఉన్నాడు. కొత్త పద్ధతిలో బలిపీఠాన్ని జనం వైపు తిప్పమని బిషప్పు మూడు ఉత్తరాలు రాసినా తిప్పని మనిషి. లాటిన్ వదలమన్నా వదలలేదు. అయితే ఆ ఎర్ర వస్త్రం కింద నల్లంగీ అంచు మోకాలి దాకా సున్నంతో తెల్లబడి ఉంది. ఓమేర్ ముందు చూసింది దాన్నే.

"ఓమేర్ గారు," అన్నాడు ఫాదర్. "ముప్పై ఏళ్ళకి."

"ముప్పై ఒకటి. మీ పూజకి రాలేదండీ. మీ కప్పు చూడటానికొచ్చాను."

ఆయన ఎవరి అనుమతీ అడగలేదు. గోడ వెంబడి నడిచి, గుంజ గుంజకూ చెయ్యి ఆనించాడు. ఇటుకల సందుల్లో సున్నాన్ని గోటితో గీకి చూశాడు. గోరు దిగలేదు. ఇంకోచోట గీకాడు. అక్కడా దిగలేదు. రెజీస్ ఆ గోరునే చూస్తున్నాడు.

"గోడ ఎవరు లేపారు?"

"మేమే," అన్నాడు రెజీస్.

"ఊఁ," అన్నాడు ఓమేర్. తమ ఇంట్లో ఆ ముక్కకు ఏ విలువ ఉందో తెలిసిన ఆల్ఫొన్సీన్ రుమాలు వెతుక్కుంది.

ఆయన ఫాదర్ వైపు తిరిగాడు. "గోడకి వంక పెట్టలేను. మీ కాగితానికి పెడతాను. మీరు గనిలో మేస్త్రీ అయి ఉంటే మమ్మల్నందర్నీ మొదటి రోజే పరలోకానికి పంపేవారు. మీ వృత్తి అదేననుకోండి."

కుర్రాళ్ళలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

"సువార్త వైపు మొదలుపెట్టడం నేను కనిపెట్టింది కాదు," అన్నాడు ఫాదర్. ఆయన గొంతు పెరగలేదు. "ధూపం వేసినా ఒక వరస ఉంటుంది. పన్నెండు వందల ఏళ్ళుగా ఉంది."

"ధూపానికి బరువు లేదు. ఇంజనీరుగారూ, ఈ కప్పుకెంత బరువు?"

"పద్దెనిమిది టన్నుల పైనే," అన్నాడు కార్లియే.

"ఎడమ వైపు ముందు వదిలితే?"

కార్లియే పెన్ను మూత పెట్టాడు. "నన్ను విప్పాక కొలవమన్నారు. ఎలా విప్పాలో చెప్పమని ఎవరూ అనలేదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆయన చెప్పేది నిజం."

ఫాదర్ అమెదే కప్పు వైపు చూశాడు, తర్వాత రెజీస్ నిలబడవలసిన చోట నేల మీద సుద్దతో గీసిన గుర్తు వైపు చూశాడు. ఆయన ముఖంలో రంగు తగ్గడం ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ కనిపించింది.

"పునీతుల పేర్ల ప్రార్థన మాత్రం వదలను," అన్నాడు.

"వదలమని ఎవరన్నారు? నాకు కావలసిందే అది. గనిలో లెక్క అరవడానికి ఒకడుండేవాడు, అందరి దెబ్బా ఒకేసారి పడాలని. మీరు పేరు పాడండి. మీవాళ్ళు ఏమంటారు బదులు?"

"ఓరా ప్రో నోబిస్. మా కోసం వేడుకో అని."

"ఆ మాట మీద ఒక్క దెబ్బ. రెండు వైపులా పన్నెండు గుంజలు, పన్నెండు సుత్తులు, ఒకేసారి. గుడ్డు పెంకు పగిలేంత దెబ్బ, అంతకు మించొద్దు. చీల ఊడకూడదు, కొంచెం కొంచెంగా జరగాలి. పేర్లెన్ని?"

"యాభై పైన."

"సరిపోతాయి."

"క్రమం ప్రకారం సుత్తి పట్టవలసింది నేనొక్కణ్ణే."

"మీకు చేతులెన్నండీ?"

ఈసారి నవ్వును ఎవరూ దగ్గుగా మార్చుకోలేదు. ఫాదర్ కూడా నవ్వలేదని చెప్పలేం. పన్నెండుమంది పేర్లు ఆయనే పిలిచాడు.

*

"రెజీస్, నాలుగో గుంజకి పో, కుడి వైపు," అన్నాడు ఓమేర్.

రెజీస్ కదలలేదు. "నా చోటు నడిమధ్య. చివరి ఇటుక నాది."

గుంజలు గోడను ఆనుకుని ఉన్నాయి. తేడా వస్తే సుత్తి పట్టినవాడు పక్కనున్న కిటికీ గూట్లోకి దూకవచ్చు. నడిమధ్య నుంచి మాత్రం ఎటూ దారి లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే అది ఆనవాయితీ అయింది.

"నడిమధ్య ఒకడు ఉండి తీరాలి," అన్నాడు ఓమేర్. "కర్ర మాట వినడానికి. గనిలో దేవదారు గుంజలే ఎందుకు వాడేవాళ్ళమో తెలుసా? ఓక్ కర్ర చెప్పకుండా విరుగుతుంది. దేవదారు ముందు పాడుతుంది. ఇవి దేవదారువి. నీకు వీటి పాట తెలుసా?"

"తెలీదు."

"నాకు తెలుసు. సుత్తి పట్టుకో."

మనవడు తాతను చూశాడు. తర్వాత వెళ్ళి నాలుగో గుంజ దగ్గర నిలబడ్డాడు. ఓమేర్ టోపీ తీసి జేబులో పెట్టుకుని, సుద్ద గుర్తు మీదికి నడిచాడు. టోపీ తీసింది చెవులకు అడ్డం రాకూడదని.

"పాడేవాడు ఎక్కడుంటే పన్నెండుమందికీ సమానంగా వినపడుతుంది?" అని అడిగాడు ఫాదర్ అమెదే.

"ఇక్కడే. కానీ..."

"అయితే కాస్త జరగండి."

ఫాదర్ ఎర్ర వస్త్రం విప్పి ఆల్ఫొన్సీన్ చేతికిచ్చి, సున్నం అంటిన నల్లంగీతో వచ్చి ఓమేర్ పక్కన నిలబడ్డాడు. ఇద్దరి భుజాలూ తగిలాయి. సుద్ద గుర్తు ఒక్క మనిషికి గీసింది.

*

పాట మొదలైంది. ఒక పేరు, నలభై గొంతుల బదులు, పన్నెండు సుత్తుల ఒకే చప్పుడు. మళ్ళీ ఒక పేరు.

మొదటి పది పేర్లకు ఏమీ జరగలేదు. పదిహేనో పేరుకు పైనుంచి సన్నని దుమ్ము రాలింది. ఇరవయ్యో పేరు దాటాక సెంట్రింగ్ పలకలు ఒకదాని తర్వాత ఒకటి టిక్కుమన్నాయి. ఓమేర్ కళ్ళు మూసుకుని తల కొద్దిగా కుడివైపు వంచాడు. పునీతుల పేర్లు అయ్యాయి, పునీతురాండ్ర పేర్లు వచ్చాయి. బార్బరా పేరు వచ్చింది. అప్పుడు, బదులు పూర్తి కాకముందే, సన్నని మూలుగు వినపడింది. కొన్నేళ్ళుగా విననిది, ఎప్పటికీ మరవలేనిది.

ఆయన చెయ్యి లేచింది. "ఆపండి!"

పాట ఆగింది. ఫాదర్ల ఇంట్లో పునీతుల ప్రార్థన మధ్యలో ఆగటం అదే మొదటిసారి.

"కుడి వైపు నాలుగు. చీల పట్టేసింది. మిగతా పదకొండూ దిగాయి, బరువంతా దాని మీదుంది."

అది రెజీస్ గుంజ. వాడు కిటికీ గూటి వైపు చూడలేదు. తాత వైపు చూశాడు.

"ఏం చెయ్యాలి?" అన్నాడు ఫాదర్ చిన్నగా.

"మిగతావాళ్ళు సుత్తులు దించాలి. వాడొక్కడే కొట్టాలి. మీరు అదే పేరు మళ్ళీ పాడండి."

"ఒక పేరు రెండుసార్లు పాడకూడదు."

"పాడకూడదని ఈ కర్రకి తెలీదు."

గుంజ మళ్ళీ మూలిగింది, ఈసారి ఇంకాస్త హెచ్చుగా. ఫాదర్ అమెదే ఊపిరి తీసుకున్నాడు. పుస్తకం మూసేశాడు.

"సాంక్తా బార్బరా."

ఒక్క సుత్తి. చీల కదలలేదు.

"ఇంకాస్త కింద కొట్టు," అన్నాడు ఓమేర్. "కోపంగా కాదు. పావురం గుడ్డు అనుకో."

"సాంక్తా బార్బరా."

కదలలేదు.

"సాంక్తా బార్బరా."

గోరంత.

నాలుగోసారి పేరు పాడేటప్పుడు ఫాదర్ ఒంటరిగా లేడు. బదులు చెప్పవలసిన నలభైమందీ ఆయనతో పాటే పేరు ఎత్తుకున్నారు. రెజీస్ సుత్తి పడింది. చీల ఎండుకర్ర చప్పుడుతో జారింది, మూలుగు మధ్యలో తెగిపోయింది. సెంట్రింగ్ మొత్తం ఒక్కసారిగా నిట్టూర్చినట్టు కిందికి దిగింది.

కప్పు దానితో దిగలేదు.

ఎవరూ అరవలేదు. ఓమేర్ పక్కనున్న నిచ్చెన ఎక్కాడు. జేబులోంచి చిరిగిన కాగితం ముక్క తీశాడు. పలకకూ ఇటుకకూ మధ్య సందులోకి దాన్ని దూర్చి, బలిపీఠం దగ్గర మొదలుపెట్టి తలుపు దాకా, నిచ్చెన జరిపించుకుంటూ, మెల్లిగా లాక్కుంటూ వెళ్ళాడు. కాగితం ఎక్కడా తట్టుకోలేదు. 'సువార్త వైపు ఆరు గుంజలు' అన్న వాక్యం కప్పు పొడవునా ప్రయాణం చేసి అవతలి కొసన బయటికి వచ్చింది.

"ఎక్కడా ఆనుకోలేదు," అన్నాడు ఓమేర్ కిందికి చూస్తూ. "తన కాళ్ళ మీద తను నిలబడింది."

అప్పుడు అరిచారు. నలభైమందీ, గేటు దాకా వచ్చి ప్రహరీ గోడమీంచి తొంగిచూస్తున్న కేఫేవాళ్ళూ, చేతిలో ఎర్ర వస్త్రంతో ఆల్ఫొన్సీన్ కూడా. రెజీస్ సుత్తి కింద పెట్టడం మరిచిపోయి దాంతోనే తాతను కావలించుకోబోయాడు.

"ముందు అది అవతల పారెయ్, నా వీపు పగులుతుంది!"

ఫాదర్ అమెదే మిగిలిన పేర్లు పాడి ప్రార్థన ముగించాడు. కార్లియే గంటసేపు ఆగి, రెండోసారి కొలిచి, పుస్తకంలో రాశాడు. రాసింది ఇది:

డిసెంబరు 4. సెంట్రింగ్ పూర్తిగా విప్పిన సమయం, ఉదయం 11.20. నడినెత్తి దిగుడు, ఆరు మిల్లీమీటర్లు. 12.20కి, ఆరు మిల్లీమీటర్లు. ఎడమ కుడి తేడా లేదు. పగుళ్ళు లేవు. తలుపుకు సీలు అవసరం లేదు. పక్క గది మీది రెండో కప్పు పని ఈస్టరు తర్వాతి సోమవారం మొదలవుతుంది. ఇటుక పని, రెజీస్ దెల్కూర్. సెంట్రింగ్, ఓమేర్ దెల్కూర్.